బొల్లవ్వ కొరికిన ఆకు

నల్లగుట్ట అడవిలో మూడు చోట్ల తెలివి ఉండేది. గుట్ట కొసన, మబ్బులు ఒరుసుకుపోయే పెద్ద గుహలో మహావిద్యాలయం. నడుమ, ఎర్రమట్టి వాలులో కండచీమల సంఘం. అడుగున, ఏటవాలు బండ నీడలో పిల్లల బడి. పైవాళ్లకు చదువుంది. నడిమివాళ్లకు కట్టుబాటుంది. కిందివాళ్లకు పిల్లలున్నారు. లేనిదల్లా ఒకరి దగ్గరికి ఒకరు పోయే దారి. దారి లేని చోట నక్కకు కొలువు దొరుకుతుంది.

ఆ నక్క పేరు తోకరాయుడు. కొలువు పేరు సమన్వయకర్త.

మూడేళ్ల కిందట వాడే ఒక టేకాకు పట్టుకుని గుట్టంతా తిరిగాడు. "ఇది ఒప్పందం. ఇక మహావిద్యాలయం, బడి, సంఘం ఒకే కుటుంబం" అన్నాడు. బడి తరఫున ముసలి మేక గిట్ట అద్దింది. సంఘం తరఫున చీమల పెద్ద మట్టి అంటిన ఆరు కాళ్లూ అద్దింది. మహావిద్యాలయం తరఫున ఏదుపంది ఆచార్యులు తన ముల్లు ఒకటి పీకి సంతకం గీశాడు. ముగ్గురూ మూడు చోట్ల, మూడు రోజుల్లో. ఒకరి మొహం ఒకరు చూడలేదు. టేకాకును గుహ ముందు వేలాడదీశారు. అది ఎండింది, గాలికి గలగలలాడింది. అంతకు మించి ఏమీ చేయలేదు.

గిట్ట అద్దిన ముసలి మేకే ఆ బడికి పంతులమ్మ. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి బొల్లి. పిల్లలు బొల్లవ్వ అనేవారు. మేకజాతికి పైపళ్లు దేవుడు ముందే ఇవ్వలేదు, కిందివాటిలో ఆమెకు మిగిలినవి మూడు. ఆ మూడు పళ్లతోనే అడవి పాఠమంతా చెప్పేది. ఏ ఆకు మేత, ఏ ఆకు మందు, ఏ ఆకు మిత్తి. ముందు వాసన చూడాలి, తరవాత అంచు కొరకాలి, ఉమ్మేసి ఆగాలి. వీటన్నిటి మీదా ఇంకో కట్టడి ఉంది: ఆకు తెచ్చినవాళ్లు తాము నమిలి చూపించాలి. అలా నమలని ఆకు పిల్లనోటికి పోకూడదు. ఆ కట్టడి బొల్లవ్వ అవ్వ నాటి నుంచీ ఉంది. దాన్ని దాటినవాళ్లు లేరు.

ఆమెకు ఒక్కటే దిగులు. రోజూ పొద్దున్నే బండ దగ్గర మొదలుపెట్టి వాగు దాకా ఆకుల పేర్లన్నీ మనసులో చదువుకునేది. రేగు, బలుసు, బారంక, పాలకొడిసె... నిరుడు ఆ వరసలో ఒక పేరు జారింది. ఈ ఏడు మూడు జారాయి. పాఠం మధ్యలో పేరు తట్టకపోతే ఆకు పైకెత్తి "ఏదీ, దీని పేరు చెప్పండి చూద్దాం!" అనేది. పిల్లలు గబగబా చెప్పేసేవారు. "శభాష్" అనేది. అవ్వ పరీక్ష పెడుతోందనుకునేవారు పిల్లలు. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో అవ్వకు మాత్రమే తెలుసు.

పేర్లు పోతే పోయాయి. ఒక మందు పోయింది. అదీ ఆమె గుండెలో ముల్లు.

మృగశిరలో తొలివాన పడితే లేతగడ్డి లేస్తుంది. పిల్లలు ఆగరు, తడిగడ్డి మీద పడతారు. మూడో రోజుకు ఉబ్బురోగం. కడుపు డోలులా బిగిసి, ఊపిరి అందదు. నిరుడు వాన ముందు బడిలో పద్నాలుగు మంది. వాన తరవాత పదకొండు. కుందేలు కవలలూ, చారల జింకపిల్లా కూర్చున్న చోటు బండ కింద ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఎవరూ అక్కడ కూర్చోరు.

బొల్లవ్వ చిన్నప్పుడు ఆమెకూ కడుపు ఉబ్బింది. వాళ్లవ్వ ఏదో చేదు ఆకు నోట్లో పెట్టింది. పొద్దుగూకేలోపల చెంగుచెంగున ఎగిరింది. అదేం ఆకు? ఎక్కడిది? తరవాతి ఏడాది తూర్పు వాలు కాలిపోయింది, ఆ ఆకు మళ్లీ కంటబడలేదు. ఇప్పుడు తలుచుకుంటే చేదు కూడా గుర్తు రాదు. చేదుగా ఉండేదన్న మాట ఒక్కటే మిగిలింది.

రోహిణి ఎండలు బండల్ని పగలగొడుతున్న రోజున తోకరాయుడు బడికి వచ్చాడు. ప్రతి వారం వస్తాడు, మహావిద్యాలయం వారికని తల్లిమేకలు సొరకాయ బుర్రలో పిండిన పాలకోసం.

"రాయుడూ, ఆ మందు సంగతి ఆచార్యుల వారిని అడిగావా?" అంది బొల్లవ్వ.

"అడగకపోవడమేమిటవ్వా! మూడేళ్లుగా అదే పని. పరిశీలనలో ఉంది."

"పోయినేడూ అదే మాట చెప్పావు, నాయనా. ముగ్గురు పిల్లలు పోయారు."

"పెద్ద చదువులు, పెద్దమాట. కమిటీ వేయాలి, కూర్చోవాలి, లేవాలి. వంకాయ కూరా ఇది?"

"అయితే నేనే వెళ్లి అడుగుతాను."

నక్క మూతి ముడిచాడు. తోకను మెల్లగా సర్దుకున్నాడు. "చెప్పకూడదనుకున్నాను. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. అక్కడ నీ పేరెత్తితే ముక్కు మూసుకుంటారు. ఆ బడి మేక మెడ చన్నులాంటిది, ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అన్నారు. నేను కాబట్టి సర్దిచెప్పి వచ్చాను."

బొల్లవ్వ తల వంచుకుంది. నిజమే కాబోలు అనుకుంది. పేర్లే మరిచిపోతున్న ముసలిదాన్ని, అంత చదివినవాళ్ల ముందు నిలబడి ఏమని అడుగుతాను?

తోకరాయుడు సొరబుర్ర ఎత్తి, పాలు సగం అక్కడే తాగి, "దారిలో ఒలికిపోతాయి కదా" అని, పొద నీడన చేరి గురక పెట్టాడు.

ఆమె ఆ గురక వింది. ఖాళీగా ఉన్న మూడు చోట్లూ చూసింది. ఆకాశం పడమటి మూల చిన్న మబ్బు తునక కనిపించింది. వానకు ఇంకో పదిహేను రోజులు, అంతే.

"పిల్లలూ, లేవండి" అంది. "ఇవాళ పాఠం గుట్ట మీద."

"గుట్ట మీదా!" మేకపిల్ల గవ్వ గంతేసింది. "అక్కడ మనల్ని రానిస్తారా అవ్వా?"

"రానివ్వకపోతే దిగి వద్దాం. కాళ్లున్నాయి కదా."

పదకొండు మందీ వరస కట్టారు. దారిలో పొద్దుపోక ఆటపాట ఎత్తుకున్నారు. అది బొల్లవ్వ నేర్పిందే, వాళ్లవ్వ దగ్గర తను నేర్చుకున్నదే. మూడు గంతుల ఆట:

"నీలిగజ్జెల తీగమ్మా,
లేతకొనలు మూడమ్మా,
తేనెచుక్క తోడమ్మా!"

మూడమ్మా అన్నచోట మూడు గంతులు. ఆ తీగ ఏమిటని ఏ పిల్లా అడగలేదు. పాటలో ఏనుగు ఎగురుతుంది, పాటలో తీగ ఉంటుంది, అంతే.

ఎర్రమట్టి వాలు చేరేసరికి ఎదురుగా చీమల దండు దారికడ్డంగా నిలబడింది. ముందు చీమల పెద్ద గింజమ్మ.

"అక్కడే ఆగండి! ఒక్క గిట్ట ముందుకు పడిందంటే ఊరుకోం."

"ఎందుకు తల్లీ? మేమేం చేశాం?" అంది బొల్లవ్వ.

"ఏం చేశారా? పుట్టలు తొక్కడం మీ బడిలో ఒక పాఠమట కదా! బాగా తొక్కినవాళ్లకు బహుమానమట కదా!"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొల్లవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎవరు చెప్పారమ్మా?"

"తోకరాయుడు. అందుకే కదా మీరు రాకుండా చూడమని వారం వారం తేనెపట్టు ముక్క ఇస్తున్నాం."

"మేమూ వారం వారం పాలు ఇస్తున్నాం" అంది బొల్లవ్వ మెల్లగా. "మహావిద్యాలయం వారి కోసమని."

గింజమ్మ మీసాలు కదలడం ఆగిపోయింది.

"అక్కా, మహావిద్యాలయం వాళ్లు మమ్మల్ని ముల్లుకు గుచ్చి గోడకు పెడతారని చెప్పాడు వాడు. ఒక్కరం కూడా ఆ వైపు పోలేదు."

"మేం వెళ్తున్నాం. రా. గుచ్చితే ముందు నన్ను గుచ్చుతారు, నీకంటే పెద్దగా ఉన్నాను కదా."

గింజమ్మ నవ్వింది. నవ్వి, "బయలుదేరే ముందు ఒకసారి చెవి నేలకు ఆనించు. మా ఇల్లు చూపించలేను, వినిపిస్తాను" అంది.

బొల్లవ్వ ముసలి మోకాళ్లు వంచి చెవి మట్టికి ఆనించింది. కింద ఎక్కడో లోతున సన్నగా వాన కురుస్తున్నట్టుంది. వాన కాదు, కాళ్లు. వేలవేల కాళ్లు. గదుల మీద గదులు, గింజల మీద గింజలు. "మా అవ్వల అవ్వలు దాచినవి కూడా ఉన్నాయి" అంది గింజమ్మ. "కొన్ని మేం తినేవి కావు. ఎందుకు దాచారో తెలియదు. పారేయవద్దన్నారు, పారేయలేదు." బొల్లవ్వ ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్లూ ఈ మట్టి మీదే నడిచింది. కాలి కింద ఇంత జ్ఞాపకం ఉందని ఒక్కనాడూ అనుకోలేదు.

గింజమ్మను కొమ్ము మీద ఎక్కించుకుని పైకి నడిచింది.

దూరపు కొండలు నునుపంటారు. దగ్గరికి పోతే గరుకు తేలుతుందని దాని అర్థం. నల్లగుట్ట కొస మాత్రం దగ్గరికి పోయినకొద్దీ పెద్దదయింది. గుహ నోటి పక్కన రాతిలోంచి సన్నటి ఊట కారుతోంది. ఆ చెమ్మలో అడవిచేమ ఏపుగా పెరిగి, ఏనుగు చెవులంత ఆకులు వేసింది. పైన ఎండిన టేకాకు గలగలలాడుతోంది. దాని మీద తన గిట్ట గుర్తు చూసి బొల్లవ్వ ఆగింది. పక్కన ఆరు చుక్కలు, ఒక ముల్లుగీత. అప్పటి దాకా వాటిని చూడలేదు.

"ఎవరది?" లోపల్నుంచి గొంతు. ఆ వెంటే ముళ్లు లేచిన చప్పుడు. ఏదుపంది కంటకాచార్యులు బయటికి వచ్చాడు. ఒంటి మీది ముల్లు ప్రతి ఒక్కటీ నిక్కి నిలబడి ఉంది. "మేక! మేకను ఎవరు రానిచ్చారు? పిల్లలు కూడానా! ఒక్క అడుగు లోపల పెడితే ఊరుకోను. ఏడు తరాల పని ఇది. ఒక్క పూటలో మేసిపోతారా?"

"అయ్యా, మేయడానికి రాలేదు. ఉబ్బురోగానికి మందు అడగడానికి వచ్చాం."

"మీ బడిలో పుస్తకాలన్నీ మీరే తినేశారని తోకరాయుడు చెప్పాడు."

"మా బడిలో పుస్తకాలే లేవయ్యా, ఇక తినేదేముంది?" అంది బొల్లవ్వ. "కావాలంటే నా మూతికి తాడు కట్టండి. చూసి పోతాను."

ఆ మాటకు ఆయన తడబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, గుహ దాటని వాడు. తాడు కట్టలేదు. పక్కకు జరిగాడు.

లోపలికి అడుగు పెట్టిన బొల్లవ్వ నాలుగు కాళ్లూ అక్కడే నిలిచిపోయాయి.

నడినెత్తి పొద్దు. గుహ కప్పులో ఒక చీలిక, అందులోంచి వెలుగు నిలువుగా దిగుతోంది. ఆ వెలుగులో, నేల నుంచి కప్పు దాకా, రాతి అరల నిండా ఆకులు. ఒక్కో ఆకు ఒక్కో ముల్లుతో గుచ్చి ఉంది. ఒక్కోదాని కింద సన్నటి రాతగీత. కుడివైపు ఆకులు, ఎడమవైపు ఆకులు, వంపు తిరిగి ఇంకా లోపలికి ఆకులు. అడవి మొత్తం ఊపిరి బిగబట్టి అక్కడ నిలబడినట్టుంది. గవ్వ తన గిట్టల చప్పుడుకు తనే బెదిరి మునిగిట్టల మీద నడిచింది.

బొల్లవ్వ మొదటి అర ముందుకు పోయింది. రేగు. బలుసు. బారంక. పొద్దున మనసులో జారిపోయిన పేరు... పాలకొడిసె పక్కనే ఉంది! "అంకుడు" అంది గట్టిగా. ఇంకో అడుగు. "కొండతంగేడు." ఇంకో అడుగు. తూర్పు వాలు కాలిపోక ముందటి చెట్లు. ఎవరికి చెప్పినా "అవ్వా, అలాంటి చెట్టు లేదు" అన్నారు. చెప్పగా చెప్పగా ఆమెకే అనుమానం వచ్చింది, తన ముసలి బుర్ర కల్పించిందేమోనని. అవన్నీ ఇక్కడున్నాయి. ఈనెలతో సహా ఉన్నాయి.

"ఉన్నాయే" అంది. "నిజంగానే ఉండేవి. నేను కల్పించలేదు."

"దీని కింద పేరు తెలియదని ఉంది" అన్నాడు ఆచార్యులు, ఒక ఆకు దగ్గర ఆగి.

"కాకిబీర. మా అమ్మ ఈనింది దాని నీడనే."

ఆయన ముళ్లలో వెనకవరస మెల్లగా వాలింది. "ఇది?"

"ఎలుకచెవి. జ్వరానికి పసరు తీసేవాళ్లు."

నడిమివరస వాలింది. నలభై ఏళ్లుగా పేరు తెలియదని రాసుకున్న ఆకులకు ఒక్కొక్కదానికీ పేరు వస్తుంటే ఆయన కళ్లు చెమర్చాయి. "అమ్మా, నువ్వు కిందే ఉన్నావు. నేను పైనే ఉన్నాను. ఇన్నేళ్లూ..." అంటూ ముందుకు దారి తీశాడు.

చివరి అరలో ఒంటరిగా ఒక ఆకు. సన్నటి తీగకు ఎండిపోయిన మూడు ఆకులు. బొల్లవ్వ దాని ముందు నిలబడింది. పేరు రాలేదు. చెట్టు గుర్తు రాలేదు. కానీ కాళ్లు కదలడం లేదు. "దీని కింద ఏముందయ్యా?"

ఆచార్యులు చదివాడు. "దొరికిన చోటు: తూర్పు వాలు. కాయలో గింజ: ముదురు నీలం, నడుమ తెల్లగీత. పేరు: తెలియదు. పని: తెలియదు. ఇది ఒక్కటే ఉంది. మళ్లీ దొరకలేదు."

"కొంచెం కొరకనివ్వండి."

ముళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి. "కొరకడమా!"

"అయ్యా, మీరు కంటితో చదువుతారు. నాకు చదువంటే నాలుకే. అంచు చాలు, చీమ తలంత."

"చూశారా, చూశారా! నేను చెప్పలేదా!" గుహ నోటి దగ్గర తోకరాయుడు రొప్పుతున్నాడు. నిద్రలేచి, బడి ఖాళీగా ఉండటం చూసి, ఒక్క పరుగున వచ్చాడు. మూతి మీద పాల మరక అలాగే ఉంది. "మేకలు మేస్తాయని మొత్తుకున్నానా లేదా? ఉన్న ఒక్క ఆకూ పొట్టలో వేసుకుంటుంది!"

ఆచార్యులు ఆకుకు అడ్డంగా నిలబడ్డాడు. తన మాట కంటే నక్క మాటే నిజంలా వినిపిస్తోందని బొల్లవ్వకే తెలుసు.

"అయినా ఇంత గొడవ ఎందుకు?" తోకరాయుడు గొంతులో తేనె పోసుకున్నాడు. "ఉబ్బురోగం మందు కదా కావలసింది? మూడేళ్లు రాత్రింబవళ్లు తిరిగి నేను కనిపెట్టాను. ఇవాళే చెబుదామనుకున్నాను." వెనక్కి తిరిగి, గుహ పక్క చెమ్మలో చేతికందిన అందమైన ఆకును పుటుక్కున తెంచి తెచ్చాడు. "ఇదిగో! దివ్యౌషధం."

అడవిచేమ ఆకు.

పిల్లల్లో ఒక కుందేలుపిల్ల కిసుక్కున నవ్వింది. గవ్వ దాని కాలు తొక్కింది. బడిలో మొదటి రోజు మొదటి పాఠమే అది. అడవిచేమ ఆమడ దూరం.

బొల్లవ్వ మాత్రం గంభీరంగా ముందుకు వచ్చింది. "రాయుడూ, ఎంత కష్టపడ్డావు నాయనా! మా బడి తరఫున తీసుకుంటాం. కాకపోతే మా కట్టడి నీకు తెలుసు కదా."

"కట్టడా? ఏం కట్టడి?"

"మూడేళ్లుగా మా బడికి సమన్వయకర్తవు, తెలియకపోవడమేమిటి? తెచ్చినవాళ్లు నమిలి చూపించందే పిల్లనోటికి పోదు."

"నేనా? నేను... మాంసాహారిని అవ్వా."

"మందుకు ఆ పట్టింపు లేదులే."

"న్యాయమే" అన్నాడు ఆచార్యులు, నక్క వైపు మొదటిసారి నిదానంగా చూస్తూ. "కనిపెట్టినవాడు పరీక్షించి చూపించాలి. మా దగ్గర కూడా అదే పద్ధతి."

"నమలన్నా, మూడేళ్ల కష్టం!" అంది గింజమ్మ కొమ్ము మీద నుంచి.

అందరి కళ్లూ తన మీదే. ఆకు చూస్తే పచ్చగా, మెత్తగా, అమాయకంగా ఉంది. ఆకే కదా, ఏముంది అనుకున్నాడు తోకరాయుడు. సగం ఆకు నోట్లో కుక్కుకుని, రుచి చూపించాలని కాబోలు, కళ్లు మూసుకుని మరీ నమిలాడు. "అ... ద్భు..."

రెండో మాట రాలేదు. నాలుక మీద వెయ్యి సూదులు దిగాయి. గొంతులో వెయ్యి చీమలు పాకాయి. నాలుక ఉబ్బింది, పెదవులు ఉబ్బాయి, మూతి బూరె అయింది. "బ్బ... బ్బ..." అంటూ ఊట దగ్గరికి పరిగెత్తి మూతి నీళ్లలో ముంచి కూర్చున్నాడు.

"చేమకు లేని దురద నక్క నాలుకకు ఎందుకో" అంది గింజమ్మ. పిల్లలు పడీపడీ నవ్వారు.

కంటకాచార్యులు నవ్వలేదు. "మూడేళ్లు ఆకుల బడికీ, ఆకుల గుహకూ నడుమ తిరిగాడు. ఒక్క ఆకు తెలియదు" అన్నాడు. "వాడి కళ్లతోనా నేను మిమ్మల్ని చూసింది!"

ఆయన వెనక్కి తిరిగాడు. ఏడు తరాలుగా ఎవరూ తీయని ముల్లును తన చేత్తో తీశాడు. ఎండిన తీగను రెండు చేతుల మీదా పెట్టి బొల్లవ్వ మూతి ముందు పట్టాడు.

"కొరుకమ్మా."

బొల్లవ్వ కళ్లు మూసుకుంది. ఆ మూడు పళ్లతో, చీమ తలంత, అంచు కొరికింది.

మొదట ఏమీ లేదు. దుమ్ము. తరవాత, నాలుక చివర ఎక్కడో, చేదు. గోరంత చేదు. అది పాకింది. పాకుతూ పాకుతూ అరవై మృగశిరల వెనక్కి వెళ్లింది. అక్కడ ఒక మేకపిల్ల వెల్లకిలా పడి ఉంది. కడుపు బిగిసి ఉంది. పక్కన అవ్వ కూర్చుని గరుకు నాలుకతో పొట్ట నాకుతోంది, నాకుతూ పాడుతోంది. అవ్వ గొంతు! ఎన్నాళ్లయింది ఆ గొంతు విని! బొల్లవ్వ నోరు తనంతట తనే తెరుచుకుంది.

"నీలిగజ్జెల తీగమ్మా,
లేతకొనలు మూడమ్మా,
తేనెచుక్క తోడమ్మా..."

పిల్లలు అందుకున్నారు, అక్కడ ఆగిపోయారు. వాళ్లకు తెలిసిన పాట అంతే. అవ్వ ఆగలేదు.

"పొద్దుగూకే లోపల
పొట్ట పలచన చేయమ్మా!"

గుహలో ఆ రెండు చరణాలూ రాతికి తగిలి మళ్లీ వినిపించాయి. బొల్లవ్వ కళ్లు తెరిచింది. "పాట సగమే నేర్పాను మీకు. మిగతా సగం ఉందనే మరిచిపోయాను. అది ఆటపాట కాదర్రా. మందు."

"నీలిగజ్జెల తీగ" అన్నాడు ఆచార్యులు. ఆ పేరును దేవుడి పేరులా పలికాడు. మరుక్షణం ఆయన మొహం వాడిపోయింది. "పేరు దొరికింది. పని దొరికింది. తీగ ఎక్కడుంది? తూర్పు వాలు ఎప్పుడో బూడిదయింది."

కొమ్ము మీద గింజమ్మ మీసాలు రెపరెపలాడాయి. "ఆచార్యా, గింజ ఏ రంగన్నారు?"

"ముదురు నీలం. నడుమ తెల్లగీత."

"మా అడుగుగదిలో ఉన్నాయి" అంది గింజమ్మ. "మేం తినం, చేదు. ఎందుకు దాచారో తెలియదు. పారేయవద్దన్నారు."

ఒకరి దగ్గర ఆకు, ఒకరి దగ్గర గింజ, ఒకరి దగ్గర పాట. ఒకే తీగ మూడు ముక్కలై, ఒకే గుట్ట మీద, ఇన్నేళ్లూ ఒకదాని కోసం ఒకటి కాచుకుని ఉంది. వెలుగు చీలిక గోడ మీదికి జరిగింది. బొల్లవ్వ అక్కడే కూర్చుండిపోయింది. దుఃఖం కాదు. ఇంత పెద్దదాని ముందు నిలబడి ఉండటం మర్యాద కాదనిపించింది.

ఆ సాయంత్రమే చీమలు బారు కట్టి నలభై గింజలు మోసుకొచ్చాయి. ఊట పక్కన చేమను పెకలించి మెత్తటి మన్నులో నాటారు. పిల్లలు వంతులేసుకుని మోదుగ దొన్నెలతో నీళ్లు పోశారు. ఆచార్యులు రోజూ ముల్లు పట్టుకుని పక్కనే కూర్చుని, ఏ రోజు ఏమైందీ రాసుకున్నాడు. తొమ్మిది రోజులు ఏమీ కాలేదు. పదో రోజు పొద్దున గవ్వ కేక గుట్టంతా వినిపించింది. పరిగెత్తుకెళ్లి చూస్తే మట్టి పగిలి ఏడు మొలకలు, తల వంచుకుని, ఇప్పుడే నిద్ర లేచినట్టు ఉన్నాయి. పండితుడు, చీమ, మేక, పదకొండు మంది పిల్లలు వాటి చుట్టూ కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు.

మృగశిర రెండో రోజున వాన పడింది. గడ్డి లేచింది. ఎంత చెప్పినా పిల్లలు మేశారు. మూడో రోజు గవ్వ, ఇద్దరు జింకపిల్లలు పొట్టలు బిగిసి బండ కింద పడిపోయారు. నిరుడు ఖాళీ అయిన చోటు పక్కనే. కంటకాచార్యులు జన్మలో మొదటిసారి గుట్ట దిగి, మూడేసి లేతకొనలు తెచ్చాడు. గింజమ్మ తేనెచుక్క తెచ్చింది. బొల్లవ్వ ముందు తను నమిలి చూపించింది, తరవాత ఒక్కొక్కరి నోట్లో పెట్టింది. పొట్ట నాకుతూ పాట పాడింది, ఐదు చరణాలూ.

పొద్దుగూకక ముందే గవ్వ లేచి, మూడు గంతులు వేసి, "అవ్వా, ఆకలి" అంది.

ఆ ఏడు వాన తరవాత కూడా బడిలో పదకొండు మందీ ఉన్నారు.

గుహలో ఆ ఎండుతీగ మళ్లీ తన ముల్లుకు చేరింది. అంచున చీమ తలంత గాటు. కింద కొత్త గీతలు: నీలిగజ్జెల తీగ. గింజ దాచినది: చీమల సంఘం. పాట దాచినది: బండ కింది బడి. కొరికినది: బొల్లవ్వ. ఆచార్యులు చదివి వినిపిస్తే ఆమె చాలాసేపు చూసింది. తరవాత, "ఇక నేను మరిచిపోయినా ఫరవాలేదు" అంది. ఆ రోజు నుంచి పేరు తట్టనప్పుడు పరీక్ష అని చెప్పడం మానేసింది. "మరిచిపోయానర్రా, చెప్పండి" అనేది. పిల్లలు చెప్పేవారు.

తోకరాయుడి నాలుక వాపు దిగేసరికి శ్రావణం వచ్చింది. తోక దువ్వుకుని బయలుదేరాడు. బండ కింది నుంచి ఎర్రమట్టి వాలు మీదుగా గుహ దాకా పిల్లల గిట్టలకు నలిగి నలిగి నున్నటి దారి పడి ఉంది. దాని మీద పైకి మేకపిల్లలు, కిందికి ఆచార్యులు, అటూ ఇటూ చీమలు. నడుమ నిలబడటానికి వాడికి చోటే కనిపించలేదు.

"అవ్వా, కొత్త ఒప్పందం ఒకటి రాసుకొచ్చాను" అన్నాడు దారి పక్కనుంచి, టేకాకు చాస్తూ.

"సంతోషం నాయనా" అంది బొల్లవ్వ. "ముందు నమిలి చూపించు."

తోకరాయుడు ఆకు అక్కడే పారేసి పరుగు తీశాడు.

తెలిసినవాళ్లు ఒకరి గడప ఒకరు తొక్కితే, నడుమ నిలిచే నక్కకు మేత ఉండదు.